సొంత ముఖం తొమ్మిదిసార్లు వేస్తే అది నార్సిసిజమేనా?

మధ్యలో చదవడానికి వచ్చేవాళ్ల కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీది హనుమకొండ, ఎంఎఫ్‌ఏ (చిత్రకళలో పీజీ) చివరి ఏడాది. ఫైనల్ సిరీస్‌గా మీ ముఖాన్నే తొమ్మిది కాన్వాసుల మీద వేశారు. రివ్యూకి వచ్చిన ఒక పెద్దాయన అవి చూసి "ఇది నార్సిసిజం, సెల్ఫీల జబ్బు" అన్నారు, అంటే తన మీద తనకే మోహం అని. అదే రోజు మీ బ్యాచ్ అబ్బాయి తన బొమ్మలే తాను వేసి చూపిస్తే "ఆత్మాన్వేషణ బాగుంది" అన్నారు. ఇంట్లో అమ్మ కూడా "ఎన్నిసార్లు నీ మొహమే వేసుకుంటవే" అంటోంది. టాపిక్ మార్చుకోవాలా, వైవాలో ఏం చెప్పాలి అని అడిగారు.

టాపిక్ మార్చకండి. అయితే మీరు పెట్టిన తొమ్మిది ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. అందులో మూడింటి విషయంలో ఆయన అన్నది నిజమే. మిగతా ఆరింటికి ఆ మాట అస్సలు తగలదు. ఆ అబ్బాయి బొమ్మలు నేను చూడలేదు కాబట్టి వాటి సంగతి వదిలేద్దాం. కానీ ఒకే పనికి ఆడపిల్ల చేస్తే ఒక పేరు, మగపిల్లాడు చేస్తే ఇంకో పేరు పెట్టడం మీ రివ్యూ రోజున మొదలైంది కాదు. దాని వెనక చాలా పాత చరిత్ర ఉంది.

నేను గ్యాలరీల్లో పేరున్నదాన్ని కాదు. హనుమకొండలో ఆర్డర్ మీద పోర్ట్రెయిట్లు వేసి బతికాను, కొన్నాళ్లు పిల్లలకు డ్రాయింగ్ నేర్పాను. పెద్దకర్మకు దండ వేసే బొమ్మల దగ్గర్నుంచి రిటైర్మెంట్ బొమ్మల దాకా అన్నీ వేశాను. మనుషులు తమ బొమ్మలో ఏం చూసుకోవాలనుకుంటారో ఈ పనిలో బాగా తెలుస్తుంది, ఎందుకంటే డబ్బులిచ్చి మరీ చెప్తారు. ఆడవాళ్లు నవ్వుతూ, కొంచెం సిగ్గుపడుతూ "కొద్దిగా సన్నగా, కొద్దిగా తెల్లగా వెయ్యండి మేడమ్" అంటారు. మగవాళ్లు అలా అడగరు. "హుందాగా రావాలి" అంటారు. ఆ ఒక్క మాటలో ఏమేం ఉంటాయో వినండి: మీసం నల్లగా, ఒత్తుగా ఉండాలి. జుట్టు రెండు వేళ్లు కిందికి దిగాలి. పొట్ట కుర్చీ చేతి వెనక్కి పోవాలి. వాచీ కనపడాలి. వెనక ఇంట్లో లేని పుస్తకాల బీరువా ఒకటి ఉండాలి. పని లెక్కన చూస్తే తెల్లరంగు కన్నా ఈ హుందాతనానికే నాకు ఎక్కువ రోజులు పట్టేది. మొదటిదాన్ని మనం అందం పిచ్చి అంటాం, రెండోదాన్ని పరువు అంటాం. కోరిక మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంకా పెద్ద ఉదాహరణ రోడ్డు మీదే ఉంది. ఇవాళ తెలంగాణలో అన్నిటికంటే ఎక్కువగా తయారయ్యే పోర్ట్రెయిట్ ఏది? ఆయిలూ కాదు, వాటర్ కలరూ కాదు. ఫ్లెక్సీ. హనుమకొండ చౌరస్తాలో నిలబడి ఏ లీడర్ పుట్టినరోజునో చుట్టూ చూడండి. మనిషి కంటే మూడు రెట్లు పెద్ద ముఖం, నమస్కారం పెట్టిన చేతులు, కింద వరసగా అనుచరుల ముఖాలు చిన్న చిన్న గుండ్రాల్లో. చర్మం మీద ఒక్క ముడత కూడా లేకుండా ఫోటోషాప్‌లో నునుపు చేసి ఉంటుంది. దాన్ని చూసి ఎవరైనా నార్సిసిజం అన్నారా? అభిమానం అంటాం, పాలాభిషేకం చేస్తాం. ఇప్పుడు ఆడ సర్పంచ్ ఫ్లెక్సీ చూడండి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. అయినా చాలా ఊళ్లలో ఆమె పక్కన ఆమె భర్త ముఖం కూడా ఉంటుంది, ఒక్కోసారి ఆమెకంటే పెద్దదిగా. గెలిచిన మనిషికి తన ఫ్లెక్సీలో తన ముఖం ఒక్కటే ఉండే హక్కు కూడా పూర్తిగా దక్కలేదు. సమకాలీన పోర్ట్రెయిట్ గురించి థీసిస్ రాస్తూ దీన్ని వదిలేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ఇక అసలు కథకు వద్దాం. నార్సిసస్ మగపిల్లాడు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో పదహారేళ్ల కుర్రవాడు, నీళ్లలో తన నీడను చూసి దాన్ని వదిలి రాలేక అక్కడే పోతాడు. వాడి గురించి ముందే జోస్యం చెప్పిన టైరీసియస్ కొన్నేళ్లు ఆడదానిగా, మిగతా కాలం మగవాడిగా బతికినవాడు. ఈ రెండో సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు. 1435లో ఆల్బెర్టి అనే ఇటలీ పండితుడు చిత్రకళను కనిపెట్టింది నార్సిససే అని రాశాడు, అదీ మెచ్చుకోలుగానే. 1590ల చివర్లో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసినట్టు చెప్పే నార్సిసస్ ఇప్పటికీ రోమ్‌లో ఉంది. అందులోనూ చీకట్లో నీళ్ల మీదికి వంగిన కుర్రవాడే. మరి అద్దం ఆడదాని చేతికి ఎలా వచ్చింది? యూరప్ చిత్రకారులే ఇచ్చారు. ఒంటి మీద బట్టలేని స్త్రీని వేసి, చేతికి అద్దమిచ్చి, బొమ్మ పేరు 'డాంబికం' అని పెట్టారు. చూడాలన్న సరదా వేసినవాడిది, కొనుక్కున్నవాడిది. నింద మాత్రం బొమ్మలోని మనిషిది.

లండన్ నేషనల్ గ్యాలరీలో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన వీనస్, రోమన్ల ప్రేమ దేవత, ఉంది. మనకు వీపు తిప్పి పడుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. అద్దంలో ముఖం మసకగా ఉంటుంది, పోలిక తెలియదు. 1914 మార్చిలో మేరీ రిచర్డ్‌సన్ అనే మహిళ, స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలోని మనిషి, ఆ కాన్వాసును కత్తితో చీల్చింది. తమ నాయకురాలి అరెస్టుకు నిరసనగా చేశానని చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత, 1952లో, మగవాళ్లు రోజంతా దాని ముందు నోరు తెరుచుకుని నిలబడటం కూడా తనకు నచ్చలేదని చెప్పింది. అదే 1914లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ నార్సిసిజం మీద తన వ్యాసం అచ్చు వేశాడు. మగవాడి ప్రేమ అవతలి మనిషి మీదికి పోతుందని, ఆడదాని ప్రేమ, ముఖ్యంగా అందగత్తెది, తన మీదికే తిరుగుతుందని అందులో వాదించాడు. మీ రివ్యూలో పెద్దాయన నోట వచ్చింది ఆ వాదనే. ఎక్కడిదో ఆయనకు గుర్తుండకపోవచ్చు.

తర్వాతి మనస్తత్వ శాస్త్రం అక్కడే ఆగిపోలేదు. ఈ గుణాన్ని కొలవడానికి 1979లో రాస్కిన్, హాల్ అనే ఇద్దరు ఒక ప్రశ్నావళి తయారు చేశారు. 2015లో బఫెలో యూనివర్సిటీ పరిశోధకుల బృందం మూడు దశాబ్దాల అధ్యయనాలను, దాదాపు 4,75,000 మంది జవాబులను కలిపి చూసింది. సగటున మగవాళ్ల స్కోరే కొంత ఎక్కువ. తేడా ఎక్కడొచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. ఇది నాకు దక్కాల్సిందే అనుకోవడం, ఎదుటివాళ్లను వాడుకోవడం, పెత్తనం కోరుకోవడం, వీటిలో మగవాళ్లు ముందున్నారు. తన రూపం చూసుకుని మురవడం, పదిమందిలో ప్రదర్శించుకోవడం అనే భాగంలో ఆడామగా తేడా దాదాపు లేదు. అంటే అద్దం ఇద్దరికీ సమానమే. మీ థీసిస్‌లో ఈ పేరా పెట్టండి, కానీ వైవాలో దీన్ని ఆయుధంలా తీయకండి. అంకెలతో బొమ్మను కాపాడలేం.

ఆడవాళ్లు తమను తామే ఎందుకు వేసుకున్నారన్న దానికి చాలా మామూలు కారణం ఒకటి ఉంది. వాళ్లకు మోడల్ దొరకలేదు. లండన్ రాయల్ అకాడమీలో లైఫ్ క్లాసులోకి, అంటే నగ్న మోడల్‌ను చూసి వేసే క్లాసులోకి, స్త్రీలను రానిచ్చింది 1893లో, అదీ మోడల్‌కు నడుము దగ్గర బట్ట కప్పి. అంతదాకా డబ్బు లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా గంటలకొద్దీ కదలకుండా కూర్చునే మోడల్ అద్దంలో మనిషి ఒక్కతే. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో సంగతీ అంతే. 1925లో బస్సు ప్రమాదం తర్వాత మంచం పట్టినప్పుడు పైన అద్దం బిగించి ఇచ్చారు, ఎదురుగా కనపడేది వేసింది. అటువైపు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1500లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, తనను క్రీస్తులా సూటిగా ఎదురుగా వేసుకున్నాడు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ జీవితమంతా కలిపి ఎనభై దాకా వేసుకున్నాడు. వాళ్లిద్దరి ముందూ మనం తల వంచుతాం, వంచాల్సిందే కూడా. నేను చెప్పేది ఆ గౌరవం ఫ్రీడా దగ్గరికి వచ్చేసరికి జాలిగా, మీ దగ్గరికి వచ్చేసరికి వెటకారంగా మారకూడదని.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇటలీ చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కీ 1638–39 ప్రాంతంలో వేసిన బొమ్మ. ఇటలీలో చిత్రకళను ఒక స్త్రీగా ఊహించుకునేవారు. అందుకే ఏ మగ చిత్రకారుడూ 'నేనే చిత్రకళను' అని తనను వేసుకోలేడు. ఆమె వేసుకుంది. మన వైపు చూడదు. జుట్టు చెదిరి ఉంటుంది, ఒక చేయి పైకి చాచి పనిలో ఉంటుంది. అద్దంలో తనను అంత పక్క కోణంలో చూసుకోవడం ఒక అద్దంతో అయ్యే పని కాదు, ప్రయత్నించి చూడండి. చూసుకోవడం అనేది ఎంత శ్రమో ఆ బొమ్మ ముందు కూర్చుంటే అర్థమవుతుంది.

మన కాలానికి వస్తే రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా చిత్రకారిణి ఆలిస్ నీల్ 1980లో, ఎనభై ఏళ్ల వయసులో, బట్టల్లేకుండా కుర్చీలో కూర్చుని, చేతిలో బ్రష్‌తో తనను వేసుకుంది. పొట్ట జారింది, రొమ్ములు జారాయి, కళ్లజోడు మాత్రం సూటిగా ఉంది. లూసియన్ ఫ్రాయిడ్, ఆ ఫ్రాయిడ్ మనవడే, 1993లో డెబ్బై దాటాక ఒంటి మీద ఏమీ లేకుండా కాళ్లకు లేసుల్లేని బూట్లు వేసుకుని, ప్యాలెట్ పట్టుకుని నిలబడ్డాడు. రెండూ గొప్పవే. అయితే ఆయన నిలబడ్డ తీరులో ఇంకా యుద్ధానికి వెళ్లే మగవాడి బింకం ఉంది. ఆమె కూర్చున్న తీరులో ఎవరినీ గెలవాల్సిన పని లేదు. నార్సిసిజం వాసన ఎక్కడైనా ఉంటే అది బూట్లున్న బొమ్మలోనే ఉందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్ 1992లో చదువు ముగిసే సమయంలో వేసిన ఏడడుగుల బొమ్మ కూడా చూడండి. స్టూలు మీద కూర్చుని తన తొడలను తానే గోళ్లతో నొక్కుకునే పెద్ద శరీరం, దాని మీద తిరగేసి రాసిన అక్షరాలు. అద్దంలో అయితేనే చదవగలం. 2018లో అది దాదాపు 95 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. స్టూడెంట్ బొమ్మ కదా అని మీది మీరు తక్కువ చేసుకోకండి.

మన దగ్గర రవివర్మ 1873లో జడలో పూలు తురుముకునే నాయర్ స్త్రీని అద్దంతో వేసి మద్రాసులో, వియన్నాలో మెప్పు పొందాడు. అద్దం ఆమెదే, చూపు మనది. వందేళ్లు దాటాక బెంగళూరు కళాకారిణి ఎన్.పుష్పమాల రవివర్మ స్త్రీలలా తానే వేషం కట్టి ఫోటోలు దిగింది. ఆ చీర, ఆ తామరపువ్వు ఒక నిజమైన మనిషి మీద ఎంత బరువుగా ఉంటాయో అప్పుడు తెలుస్తుంది. అమృతా షేర్‌గిల్ 1934లో, ఇరవై ఒక్కేళ్లకు, తాహితీ స్త్రీగా తనను వేసుకున్న బొమ్మలో వెనక గోడ మీద ఒక మగవాడి నీడ ఉంటుంది. ఫ్రాన్స్ చిత్రకారుడు గోగాఁ తాహితీ దీవిలో వేసిన స్త్రీలను మనసులో పెట్టుకుని వేసింది కాబట్టి ఆ నీడ ఎవరిదై ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆమె తండ్రి ఉమ్రావ్ సింగ్ ఫోటోల పిచ్చివాడు, తన ఫోటోలు తానే బోలెడు తీసుకున్నాడు. అయినా ఆత్మమోహం అన్న మాట కూతురికే ఎక్కువ అంటుకుంది. మగవాళ్లలో భూపేన్ ఖఖ్ఖర్ 1981లో బాల్కనీలో నగ్నంగా నిలబడ్డ మనిషిని వేశాడు, అది తానే. వీపు మన వైపు, ముఖం ఊరి వైపు. తన మగతనాన్ని గురించి గొప్ప చెప్పుకోకుండా, తాను మగవాళ్లను ప్రేమించే మనిషినని లోకానికి తెలియనిచ్చిన బొమ్మ అది. ఆత్మాన్వేషణ అనే బరువైన మాటకు నిజంగా తగిన బొమ్మ.

ఇక మన ప్రాంతం మనిషి. కరీంనగర్ పల్లెలో పుట్టిన తోట వైకుంఠం బొమ్మలు చూడని తెలుగు ఇల్లు ఉండదేమో, అసలు కాకపోతే క్యాలెండర్‌లోనైనా. పెద్ద కుంకుమబొట్టు, నిండు చీర, పక్కకు తిరిగిన కళ్లు. వాటిని తెలంగాణ ఆడతనానికే గుర్తుగా చూస్తాం. కానీ చిన్నప్పుడు ఊరికి వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లు తనను ఆకట్టుకున్నారని ఆయనే చెప్పారు. అంటే మనం అచ్చమైన స్త్రీ అనుకునే రూపంలో కొంత భాగం మగవాడు కట్టిన వేషం నుంచి వచ్చింది. నాకిది తప్పుగా అనిపించదు, చాలా బాగా అనిపిస్తుంది. ఆడతనం, మగతనం రెండూ కట్టుకునేవేనని దీనికంటే దగ్గరి ఉదాహరణ మీకు దొరకదు. స్కూల్ టూర్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసిన కొయ్యబొమ్మ గుర్తుందా? ముందు నుంచి చూస్తే తలెగరేసి నిలబడ్డ మెఫిస్టోఫిలీస్ అనే సైతాను, వెనక అద్దంలో చూస్తే తల దించుకున్న మార్గరెట్టా. ఒకే కొయ్య. ఆమెను చూడాలంటే మాత్రం అద్దం కావాలి.

మీ ఐదో బొమ్మ దగ్గరికి అందుకే రావాలనుకున్నాను. మీ నాన్నగారి తెల్ల చొక్కా, కండువా వేసుకుని, కాలు మీద కాలేసుకుని ఆయన కుర్చీలో కూర్చున్నారు. సిరీస్ మొత్తంలో అదే ప్రాణం. ఓరుగల్లు పిల్లగా మీకు చెప్పాల్సిన పని లేదు, రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు. సింహాసనం మీద కూర్చోవడానికి పేరూ వేషమూ మార్చాల్సి వచ్చిన మనిషి. ఆమె ముఖం ఎలా ఉండేదో మనకు తెలియదు. చౌరస్తాల్లో గుర్రం మీద కనపడేవన్నీ ఈ కాలం శిల్పుల ఊహలు, చాలావాటికి సినిమా హీరోయిన్ బుగ్గలు. మీరు ఆ కుర్చీలో కూర్చుని మీ ముఖం మీదే ఉంచుకున్నారు, మీసం పెట్టలేదు, అందం పెట్టలేదు. ఇలాంటివి ఇంకో రెండు వేయండి. వీలైతే ఒకటి ఫ్లెక్సీ కొలతల్లో వేయండి. పెద్ద ముఖం మీది, కింద గుండ్రాల్లో ఇంట్లో మగవాళ్లవి.

ఆయన మాట నిజమైన మూడు బొమ్మలు ఒకటి, రెండు, నాలుగు. అవి సెల్ఫీ చూసి వేసినవని చెప్పకపోయినా తెలిసిపోతోంది. ఫోను పైనుంచి పట్టుకున్నారు, గడ్డం కిందికి, కళ్లు పైకి. వెనక గోడ మసకబారిన తీరు కూడా ఫోను పోర్ట్రెయిట్ మోడ్‌లోదే, దాన్నే నిజాయితీగా కాపీ చేశారు. ముక్కు పక్కన ఉండాల్సిన నీడ ఫిల్టర్ తినేసింది. పైగా ఒక అడుగు దూరం నుంచి తీస్తే, ఐదడుగుల దూరంతో పోలిస్తే, ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనపడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ముక్కు ఆపరేషన్ల కోసం సెల్ఫీలు పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువై ఆ లెక్క చూడాల్సి వచ్చింది. ఈ మూడింట్లో మీరు మిమ్మల్ని చూడలేదు. ఇతరులకు ఎలా కనపడితే నచ్చుతానో అది చూశారు. సొంత ముఖం వేసుకోవడంలో తప్పు లేదు. అప్పటికే మెప్పు కోసం దిద్దిన ముఖాన్ని మళ్లీ దిద్దడం దగ్గర నాకు అభ్యంతరం. నా దగ్గరికొచ్చిన హుందా మనుషులు అడిగింది కూడా ఇదే.

ఏడోది అద్దం చూసి వేశారు. నూనె పెట్టిన జుట్టు, కొంచెం తెరుచుకున్న నోరు, కొలత చూస్తున్నప్పుడు ముడిపడే కనుబొమలు. ఎడమ కన్ను కుడిదానికంటే కిందికి ఉంది, దాన్ని సరిచేయకుండా వదిలారు. ఆ మనిషికి మెప్పు గుర్తులేదు, పని గుర్తుంది. ఇకమీద వేసేవి ఇలా మొదలుపెట్టండి. కిటికీ పక్కన, ఉత్తరం వెలుతురు అయితే మేలు, నిలువుటద్దం పెట్టుకుని చేతులు కూడా కనపడేలా కూర్చోండి. చేతులు అబద్ధం చెప్పవు. అద్దం అద్దమే, దానికీ మాయ ఉంది. ఆవిరి పట్టిన బాత్రూం అద్దం మీద మీ ముఖం చుట్టూ వేలితో గీసి స్కేలుతో కొలవండి. ఎంత దూరం నిలబడినా గీత మీ ముఖంలో సరిగ్గా సగం ఉంటుంది. అంత చిన్న దాన్ని నిండు ముఖంగా మన బుర్ర పెంచి చూపిస్తుంది. 

అమ్మగారి మాటకు జవాబు మాటల్లో ఇవ్వకండి, ఆమెను కూర్చోబెట్టండి. అమ్మ ముఖంలో మీ ముఖం ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోండి. సిరీస్‌లో పదోది అదైతే నార్సిసిజం అన్న ప్రశ్నకే ఇంకో కోణం వస్తుంది. నాన్నగారో తమ్ముడో అద్దం ముందు మీసం దువ్వుకుంటుండగా ఒకటి వేసినా సరే. మన ఇళ్లల్లో అది రోజూ జరుగుతుంది, వేసినవాళ్లు మాత్రం తక్కువ.

వైవాలో ఆయన మళ్లీ అదే మాట అంటే కోపం తెచ్చుకోకండి, ఫ్రాయిడ్ పేరూ ఎత్తకండి. "ఏ బొమ్మలో సార్?" అని అడగండి. తొమ్మిదింటినీ కలిపి కొట్టేయడం సులువు, ఒక్కో బొమ్మ చూపించి చెప్పమంటే ఎవరైనా ఆగి చూడాల్సిందే. ఆయన రెండోది చూపిస్తే ఒప్పుకోండి, ఫోను చూపు ఎలా ఉంటుందో తెలియడానికే ఉంచానని చెప్పండి, నిజంగా అందుకే ఉంచితే. ఐదోది చూపిస్తే మాత్రం ఒప్పుకోకండి. ఆ కుర్చీ సంగతి, చొక్కా సంగతి చెప్పండి, చాలు. ఆ అబ్బాయి పేరు తీసుకురాకండి. అతనికీ మీకూ పోటీ పెట్టింది ఆయన, మీరు కాదు.

ఇంకొకటి, వేలాడదీసే వరస. రెండోదీ ఏడోదీ పక్కపక్కన పెట్టొద్దు. రెండోది గుమ్మం దగ్గర, ఏడోది చివరి గోడకు పెట్టండి. ఐదోదాన్ని కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు దించండి. ఇప్పుడు ఫోటోలో ఉన్నంత పైన పెడితే అది కూడా ఫ్లెక్సీలాగే కనపడుతుంది.